శరణార్థుల సంఖ్యను నిర్ణయించేదెవరు?



నూజివీడు మామిడి తోటల పల్లెల నుండి సైతం పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు అమెరికా వెళుతున్న కాలమిది. అక్కడి వీసా నిబంధనలు ఇక్కడి ఇళ్లలోనూ చర్చకు వస్తున్నాయి. 2026 ఆర్థిక సంవత్సరంలో 7,500 మందికి మించి శరణార్థులను అనుమతించబోమని ఆ దేశం ప్రకటించినప్పుడు, “ఈ అంకెను ఎవరు, ఏ లెక్కన వేస్తారు?” అని మా విద్యార్థులు అడిగారు. ఆలోచించదగిన ప్రశ్న.

అమెరికాలో దీనికొక చట్టం ఉన్నది. 1980 నాటి శరణార్థుల చట్టం ప్రకారం, అక్టోబరు 1న ఆర్థిక సంవత్సరం మొదలు కాకముందే అధ్యక్షుడు గరిష్ఠ సంఖ్యను నిర్ణయిస్తాడు. అంతకు మునుపు చట్టసభలు రెండింటిలోని న్యాయ వ్యవహారాల కమిటీలను సంప్రదించాలి. ఏ ప్రాంతాలవారు ఏ ఆపదలో ఉన్నారో, వారిని స్థిరపరచడానికి ఎంత ఖర్చవుతుందో వివరించాలి. అయితే సంప్రదింపు తప్పనిసరి గాని, కమిటీల ఆమోదం తప్పనిసరి కాదు. చివరి సంతకం ఒక్కరిదే. అందుకే చట్టం మారకుండానే అంకె మారుతూ వచ్చింది. 2020లో 18,000, 2022 నుండి 2025 వరకు ఏటా 1,25,000, 2026కు ప్రకటించినది 7,500. ఇందులోనూ అధిక భాగం దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ తెల్లజాతివారికే కేటాయించారు.

పైగా ఆ అంకె హద్దే గాని, వాగ్దానం కాదు. మామిడి సీజనులో “ఈ రోజు పది లారీల వరకు కొంటాను” అన్న వ్యాపారి రెండు లారీలు కొని కాటా ఆపివేయవచ్చు. 2022లో 1,25,000 మందికి అవకాశం ఉన్నా, ఆ దేశం చేరినవారు 25,465 మంది మాత్రమే.

మన దేశంలో ఇటువంటి వార్షిక పరిమితి లేదు. అది ఔదార్యం వలన కాదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమే లేనందువలన. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. టిబెట్ నుండి, శ్రీలంక నుండి వచ్చినవారి బాగోగులు ప్రభుత్వమే చూసింది. మరికొందరికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ గుర్తింపు కార్డులిస్తుంది గాని, ఆ కార్డు ఇక్కడ నివసించే హక్కునివ్వదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం మూడు దేశాల నుండి వచ్చిన ఆరు మతాలవారికి దారి చూపింది. వాటిలో ఇస్లాం లేదు, ఆ దేశాలలో బర్మా లేదు.

బర్మా తెలుగువారికి కొత్త పేరు కాదు. మన పెద్దలు ‘రంగం’ అని పిలిచిన రంగూనులో తరతరాలుగా బ్రతికిన తెలుగువారు, 1964లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేయగా కట్టుబట్టలతో తిరిగివచ్చారు. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరులో ఆ చరిత్ర నిలిచి ఉన్నది. బర్మా, శ్రీలంకల నుండి తిరిగివచ్చినవారికి ఆసరాగా 1969లో ప్రభుత్వం రెప్కో బ్యాంకును నెలకొల్పింది. వారు మనవారు గనుక తలుపు తెరవడం తేలికైనది.

అదే బర్మా 1982 పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను సొంత గడ్డపైనే పరాయివారిని చేసింది. 2017 ఆగస్టు నుండి 7 లక్షలకు పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు ముందునుండే కొన్ని కుటుంబాలు హైదరాబాదు శివారులోని బాలాపూర్‌లో గుడిసెలు వేసుకుని ఉంటున్నాయి. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను విడుదల చేయమనడానికి 2021 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. నిర్దేశిత విధానం పాటించకుండా వారిని పంపివేయరాదని మాత్రం చెప్పింది. ఆ విధానంలో వారి మాట ఎవరు వినాలన్నది నేటికీ స్పష్టంగా లేదు.

ఇక్కడ మనకు అబిసీనియా గుర్తుకు రావాలి. మక్కాలో హింస భరించలేని సహాబాలు దైవప్రవక్త (స) అనుమతితో అక్కడికి వలస వెళ్లారు. వారిని అప్పగించమని ఖురైషులు కానుకలతో దూతలను పంపారు. క్రైస్తవుడైన నజాషీ రాజు ముందు శరణార్థుల మాట వినాలన్నాడు. హజ్రత్ జాఫర్ (రజి) చెప్పినది విన్నాడు, అప్పగించడానికి నిరాకరించాడు. ఆ తీర్పుకు ఆధారం వచ్చినవారి సంఖ్య కాదు, వారి మతమూ కాదు. వారికి జరిగిన అన్యాయం.

ప్రభుత్వానికి తన ఖజానాను, వసతులను చూసుకుని హద్దు పెట్టుకునే అధికారం లేదని మేము అనడం లేదు. అంకె వేయడానికి ముందు వినికిడి ఉండాలని, అది ఒకరి సంతకంపైనో, వచ్చినవారి మతంపైనో గాక చట్టంపై ఆధారపడాలని అంటున్నాము. ఓటు అడగడానికి వచ్చేవారిని, శరణార్థుల చట్టం ఎప్పుడు చేస్తారని మర్యాదగా ప్రశ్నించండి. ఆ చట్టం అన్ని మతాలవారికీ సమానంగా ఉండాలని కోరండి.

ఇక ఇంటి పని. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. మామిడి కాపుపై ఉశ్ర్ తీసే కుటుంబాలు ఈ సంవత్సరం ఇల్లు కోల్పోయినవారికీ ఒక భాగం కేటాయించాలి. ఆ భాగాన్ని పిల్లల చేతనే లెక్క కట్టించండి. తలుపు తట్టినవాని మాట ముందుగా వినే గుణం అల్లాహ్ మనకు, మన పాలకులకు ప్రసాదించుగాక. ఆమీన్.