నురుగు మోజు

ఎఱ్ఱగడ్డ రైతుబజారున పుచ్చు వంకాయను వేఱుచేసి, రూపాయి రూపాయికి బేరమాడు మన నగరవాసి, ప్రక్క దుకాణమున సబ్బుపొడి కొనునప్పుడు మాత్రము అందేమున్నదని యడుగడు. సువాసనయు నురుగును గలిగిన జాలును, సంతుష్టుడగును. ఈ యుపేక్షను మేము ఖండింపక తప్పదు.

నురుగే మురికిని పోగొట్టునన్నది వట్టి భ్రమ. జిడ్డును విడదీయునది నీట కరగిన సబ్బుగాని పైకి తేలిన బుడగలు గావు. అయినను నురుగు చాలలేదని మఱొక గుప్పెడు పొడి వేయుట, అది పోవుటకై నాలుగుమారులు జాడించుట మన యిండ్లలో నిత్యకృత్యమైనది. ఆ నీరెచ్చటిది? 2004 నుండి కృష్ణనుండియు, 2015 నుండి గోదావరినుండియు, నూఱు కిలోమీటరులకు మించిన దూరమునుండి యంత్రములతో ఎత్తిపోసి తెచ్చుచున్న నీరు!

అది పోవుచోటును చూడుడు. కూకట్‌పల్లి నాలా మోసికొనిపోవు మురుగు చేరునది ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున త్రవ్వించిన హుస్సేన్‌సాగరమునకే. ఒకప్పుడు నగరమునకు త్రాగునీరిచ్చిన తటాకమది. వానలు కురిసినప్పుడు ధరణీనగరమున నాలా నురుగు గుట్టలుగా లేచి వీధుల కెక్కినదని పత్రికలలో పలుమారు చదివితిమి. ఇందు కర్మాగారముల పాలును గలదు. దానిని మఱుగుపఱచి నేరమంతయు గృహస్థులపై మోపుట మా యుద్దేశము గాదు. కాని కర్మాగారమును దూషించుచు మన తొట్టినీటిని అదే నాలాలోనికి వదలుట యే న్యాయము? కొన్ని పొడులలోని భాస్వరము గుఱ్ఱపుడెక్కకు ఎరువగుచున్నది.

చవుడుమన్నుతో, బానతో బట్టలు తెల్లజేసిన పూర్వకాలమును మేము కీర్తింపము; ఆ తెల్లదనము వెనుక చాకలివారి వెట్టి యుండెను. మేము చెప్పునది చిన్న మాట. కుంకుడు పెచ్చులను వేడినీట నానవేసి పిసికిన రసము పట్టునకును ఉన్నికిని శ్రేష్ఠము. బోరునీటి సున్నమునకు నూనెసబ్బు విరిగి తెట్టె గట్టునుగాని కుంకుడు రసము విరుగదు. నూనె మరకల కది చాలదు. అచ్చట బట్టసబ్బు రుద్దవలసినదే. మఱియు కుంకుడు చేపలకు విషమని యెఱిగి, దాని నురుగునైనను చెఱువులో గ్రుమ్మరింపరాదు. ఆకుబొమ్మ వేసిన సంచిపై 'ప్రకృతిసిద్ధము' అని వ్రాసి రెట్టింపు వెల గుంజు వర్తకుల కీ మాట రుచింపదు గాక!

ఒకపూట తొడిగి విప్పిన చొక్కాను, మాయకున్నను, తొట్టిలో పడవేయుట యేల? రెండు బట్టలకై యంత్రమును త్రిప్పుట యేల? పూటకొక చిన్న సంచి చించి మోరీలో పాఱవేయుట యేల? పొడిలోని వస్తువులన్నిటిని సంచిపై స్పష్టముగా, తెలుగున, అచ్చువేయించునట్లు చేయుడని ప్రభుత్వమును కోరుచున్నాము. అంతవరకు పాఠకులు వచ్చు ఆదివారమునాడు వాడుకలో సగము పొడి వేసి యుదికి చూతురు గాక. చొక్కా తెల్లబడనిచో మాకు వ్రాయుడు, ప్రకటింతుము.