దిగే దారి ఇరుకైతే... హాలంతా చెరువే!

నీరు పల్లమెరుగు అంటారు. నౌపడ ఉప్పు మడుల్లో ఆ మాటే నిజమవుతుంది. ఉప్పునీరు ఒక మడి నుంచి మరో మడికి పారాలంటే వాలు ఉండాలి, గండి చాలినంత వెడల్పుండాలి. ఇంట్లో చేపల తొట్టికీ ఇదే లెక్క. గండి ఇరుకైతే అక్కడ గట్టు తడుస్తుంది, ఇక్కడ హాలు తడుస్తుంది!

పెద్ద అక్వేరియం కింద ఇంకో తొట్టి పెట్టి నీటిని వడకడతారు. పై తొట్టి అంచున పొర్లిన నీరు పైపులోంచి కిందికి దిగుతుంది. పంపు దాన్ని మళ్ళీ పైకి తోస్తుంది. పైకెళ్ళే నీటికి పంపు బలం ఉంది. దిగే నీటికి ఉన్నది దాని బరువే. అందుకే పంపుకి అరంగుళం గొట్టం సరిపోయిందని, దిగే దారికీ అదే వేయకూడదు.

మూడడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 190 లీటర్లు పడతాయి. ఆ నీరు గంటకు 5 సార్లు తిరగాలంటే 950 లీటర్లు దిగాలి. అంగుళం పైపు గంటకు 2,000 లీటర్ల దాకా నిశ్చింతగా దించుతుంది. అరంగుళానిది అందులో పావు వంతే, అంటే 500! వ్యాసం సగమైతే దారి నాలుగో వంతవుతుంది మరి. అంగుళంన్నర పైపైతే 4,500 దాకా దించుతుంది.

ట్యాంక్ నిపుల్ కొనేటప్పుడు లోపలి కొలత చూడండి. పైపు మీది అంకె బయటి కొలత కావచ్చు. ఎల్బోలు ఎన్ని తగ్గిస్తే అంత మంచిది. ఆకో, నత్తో అడ్డుపడితే ఆదుకునేలా, కాస్త ఎత్తులో రెండో పైపు ఖాళీగా ఉంచాలి. టఫెన్డ్ గాజుకు మాత్రం రంధ్రం వేయించకండి, ముక్కలైపోతుంది.

ఇక కరెంటు సంగతి. పంపు ఆగగానే పై నీరు కొంత కిందికి దిగుతుంది. ఈ తొట్టిలో మట్టం అంగుళం తగ్గితే 10 లీటర్ల పైమాటే. కింది తొట్టిలో అంతకు మించి ఖాళీ ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అలాంటప్పుడు చేపలకు ఊపిరి అందాలంటే బ్యాటరీ గాలిపంపు ఒకటి దగ్గరుండాలి.

చేపలు వేయకముందే తొట్టి నింపి, పంపు ఆన్ చేసి, ఒకసారి ఆపి చూడండి. నేల పొడిగా ఉంటే... చేపలు తెచ్చుకోవచ్చు!