ఎర్రనివన్నీ నెత్తురేనా?

ఒంట్లో రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెప్పగానే ఇంట్లో బీట్‌రూట్ రసం మొదలవుతుంది, వెనకాలే దానిమ్మ. ఆ రెంటి మీదా అంత నమ్మకం కుదరడానికి కారణం వాటి రంగే. కడుపుతో ఉన్న పిల్ల కుంకుమపువ్వు కలిపిన పాలు తాగితే బిడ్డ ఎర్రగా పుడుతుందనడమూ ఇదే లెక్క. ఆ లెక్కే నిజమైతే రోజూ గోంగూర వండుకునే ఇళ్లలో పిల్లలు ఆకుపచ్చగా పుట్టాలి.

తిన్నది తిన్నట్టుగా రక్తంలో కలవదు. ముందు అది అరిగి చిన్న చిన్న అణువులవుతుంది. వాటిలో కావలసినవాటిని పేగు లోపలి పొర ఏరుకుంటుంది. ఇనుము ఎక్కువగా చిన్నపేగు మొదటి భాగంలోనే ఒంటికి పడుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ దాన్ని ఎముక మజ్జకు మోసుకుపోతుంది. అక్కడ హిమోగ్లోబిన్‌లో చేరాకే నెత్తురుకు ఆ ఎరుపు. బీట్‌రూట్ ఎరుపు బెటానిన్ అనే వేరే పదార్థానిది, అందులో ఇనుము లేదు. నూరు గ్రాముల దుంప మొత్తం తిన్నా దొరికే ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే, అందులోనూ ఒంటికి పట్టేది కొంతే. బెటానిన్ చాలావరకు అరుగుదలలోనే విరిగిపోతుంది, కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. అలా రావడం ఇనుము లోపం ఉన్నవాళ్లలోనే ఎక్కువ! ఎవరికి రక్తం పట్టాలని తాగిస్తారో వాళ్ల ఒంట్లోంచే ఆ రంగు బయటికి పోతోందన్నమాట.

రసం తాగాక హిమోగ్లోబిన్ పెరిగిందంటారు. నిజమే కావచ్చు, కానీ అదే నెలల్లో ఐరన్ మాత్రలూ వేసుకుని ఉంటే ఆ ఘనత రసానిదని ఎలా తేలుస్తాం? పెద్దలు తెలియక చెప్పారా అంటారు. ఆ పెద్దలే తోటకూర, మునగాకు, నువ్వులు కూడా తినమన్నారు, వీటిలో ఎర్రనిది ఏదీ లేదు. బీట్‌రూట్‌లో రక్తకణాల తయారీకి కావలసిన ఫోలేట్ ఉన్నమాట వాస్తవం, కూరగా తింటే మంచిదే. చిక్కల్లా, రసం తాగుతున్నాం కదా అని మాత్ర మానేయడంతో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మాత్ర మానడానికి ఇంకో కారణమూ రంగే: విరేచనం నల్లగా అవుతోందని భయం. అది ఒంటికి పట్టకుండా మిగిలిన ఇనుము, అంతే. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకుంటే విటమిన్ సి వల్ల ఆకుకూరల్లోని ఇనుము బాగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే తగ్గిపోతుంది. ఆ టీని ఓ గంట వెనక్కి జరపడానికి దానిమ్మపండంత ఖర్చు కూడా లేదు.