పచ్చని వేదికపై ఎవరి పిల్లలు?

ఉన్నత పాఠశాల విద్యార్థులకు వారాంతాల్లో పర్యావరణ నాయకత్వ సదస్సులు జరపడం నేడు నగరాల్లో పరిపాటి అయింది. రెండు రోజుల ఉపన్యాసాలు, బృంద చర్చలు, మొక్కలు నాటడం, చివర ప్రశంసాపత్రాలు. ఉద్దేశం ఉత్తమమైనదే. అయితే ఆ వేదికపై కూర్చునే అవకాశం ఎవరి పిల్లలకు దక్కుతున్నది? అక్కడ నేర్పే నాయకత్వం ఎవరి బతుకును బాగుచేయడానికి? ఈ రెండు ప్రశ్నలను సాలూరులో నిలబడి అడిగితే సమాధానం స్పష్టంగా కనిపిస్తుంది.

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరుకు లారీల ఊరని పేరు. బాడీ కట్టే షెడ్లు, వెల్డింగు దుకాణాలు, టైర్ల పంచరు కొట్లు, బ్యాటరీలు బాగుచేసేవారు, పాత ఇనుము కొనేవారు ఇటువంటి ఊరికి ఊపిరి. పట్టణం పక్కనే వేగావతి నది. ఎగువన తూర్పు కనుమలు, ఆపైన ఒడిశా. ఆ కొండల నుంచి కొండదొర, జాతాపు, సవర, గదబ కుటుంబాలు చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు మోసుకొని సంతకు దిగుతాయి. ఒకవైపు ఇంజను నూనె, మరొకవైపు అడవి. పర్యావరణమంటే ఏమిటో బోధించడానికి ఇంతకు మించిన తరగతి గది ఎక్కడున్నది?

చట్టం దృష్టిలో ఈ విద్య ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను పాఠశాలల్లో తప్పనిసరి చేయాలని ఆదేశించింది. 2001-02లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జాతీయ హరిత దళం పథకాన్ని ఆరంభించి, బడుల్లో ఎకో క్లబ్బులకు దారి వేసింది. అంతకుముందే 1993 నుంచి జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ నడుస్తున్నది. అంటే ఏర్పాట్లకు కొదువ లేదు. కొదువ ఉన్నది ఆ ఏర్పాట్లు చేరవలసిన చోటికి చేరడంలో.

'వారాంతం' అనే మాటనే తీసుకోండి. రెండో శనివారం తప్ప మన ప్రభుత్వ బడులకు శనివారం సెలవు కాదు. ఇక ఆదివారం చాలామంది పేద పిల్లలకు విశ్రాంతి దినం కానే కాదు. తండ్రికి షెడ్డులో సాయం చేయవలసిన రోజు, తల్లితో సంతకు నడవవలసిన రోజు. ఆడపిల్ల అయితే రాత్రి బస ఎక్కడ, వెంట టీచరమ్మ ఎవరు, తిరిగి ఎవరు దింపుతారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే తప్ప ఇంటి గడప దాటదు. ఆశ్రమ పాఠశాల విద్యార్థికి అనుమతి కావాలి, బస్సు చార్జీ కావాలి. వీటన్నింటినీ దాటి వచ్చినా, చర్చ అంతా ఇంగ్లీషులో సాగితే ఆ బిడ్డ వెనుక వరుసలో మౌనంగా కూర్చుంటుంది. మౌనాన్ని చూసి తెలివి లేదనుకోవడం నిర్వాహకులకు సులభం.

ముస్లిం పిల్లల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 6-14 ఏళ్ల ముస్లిం బాలబాలికల్లో నాలుగో వంతు మంది అసలు బడికి వెళ్లనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. బడినుంచే జారిపోయినవారికి బడి ద్వారా వచ్చే ఆహ్వానం ఎలా అందుతుంది? మన సమాజంలో ఎందరో నమ్ముకున్న పనులు మరమ్మతులు, పాత సామాను వ్యాపారం. ఇతరులు పారవేసిన దానిని తిరిగి వాడుకలోకి తెచ్చే ఈ శ్రమకు పర్యావరణ సేవ అన్న గౌరవం దక్కలేదు. దాని విషం మాత్రం దక్కింది. పాత బ్యాటరీల్లో సీసం ఉంటుంది. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని, పెద్దలకంటే పిల్లల శరీరం దానిని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వాడిన నూనె, పాత బ్యాటరీల నిర్వహణకు 2016లో, 2022లో నిబంధనలు వచ్చాయి. అవి షెడ్డులో పనిచేసే కుర్రవాడి చెవిన పడ్డాయా? ప్లాస్టిక్ సంచి వాడవద్దని అతనికి చెప్పే సదస్సు, బ్యాటరీ విప్పిన చేతులతో అన్నం తినవద్దని, ఆ దుస్తులతో తమ్ముడిని ఎత్తుకోవద్దని చెప్పకపోతే అది ఎవరి కోసం జరిగినట్లు?

కొండమీది బిడ్డకూ ఇదే వర్తిస్తుంది. ఏ ఏడు చింత కాపు తగ్గింది, ఏ ఊట ఏ నెలలో ఎండింది అన్నది ఆమెకు ఇంట్లో తెలిసిన విషయం. ఒడిశా నుంచి దిగిన ఏనుగులు కొమరాడ వైపు పంటలను, ప్రాణాలను బలిగొన్న సంగతి ఈ జిల్లా పిల్లలకు వార్త కాదు, భయం. అడవిని కాపాడమని వారికి ఉపదేశించడానికి ముందు, అడవిపై వారికున్న హక్కును చెప్పాలి. బొర్రా పరిసరాల్లోని అనంతగిరి గనుల లీజులపై 'సమత' సంస్థ పోరాడగా, షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గ్రామసభ అధికారాలకు 1996 నాటి పెసా చట్టం, అడవి హక్కులకు 2006 నాటి చట్టం ఉన్నాయి. మొక్క నాటడం నేర్పి ఈ మూడింటిని దాచిపెట్టే శిక్షణ నాయకులను తయారుచేయదు, తోటమాలులను తయారుచేస్తుంది.

ఇక్కడ మన వైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. సాలూరు ఎగువనున్న కొండ గ్రామాలు అనేకం ఐదవ షెడ్యూలు కిందికి వస్తాయి. అక్కడి భూమిని గిరిజనేతరులు కొనరాదన్న 1970 నాటి నిబంధన మనకూ వర్తిస్తుంది. రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు మన భాషకు, మన విద్యాసంస్థలకు రక్షణ అయినట్లే, ఐదవ షెడ్యూలు వారి నేలకు రక్షణ. మన రక్షణను హక్కు అని, వారి రక్షణను ఆటంకమని పిలిస్తే మన వాదనకే బలం పోతుంది. ఈ నీతిని పదిహేనేళ్ల వయసులో, ఒకే చాపపై పక్కపక్కన కూర్చుని నేర్చుకోవడం మేలు.

"ముందు చదువు, ఉద్యోగం, పర్యావరణం తరువాత" అనే పెద్దలున్నారు. వారి ఆందోళన న్యాయమైనదే. కాని తమిళనాడులోని తిరువణ్ణామలైకి చెందిన వినీశా ఉమాశంకర్ అనే విద్యార్థిని ఇస్త్రీ బండి బొగ్గు పొగను చూసి సౌరశక్తితో నడిచే బండిని రూపొందించింది, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రసంగించింది. ఆమె ఆలోచన పుట్టింది వీధిలోని శ్రమను గమనించడం వల్ల. ఆ శ్రమ మధ్యనే పుట్టి పెరిగిన మన పిల్లలు ఇంకెంత చూడగలరు!

కాబట్టి కోరవలసింది ఇది. ఇటువంటి సదస్సు ఒకటి సాలూరులోనే జరగాలి. పురపాలక ఉన్నత పాఠశాలలు, ఆశ్రమ పాఠశాలలు, మదరసాలు, బడి మానిన పిల్లలు అందరికీ అందులో చోటుండాలి. తెలుగుతోపాటు ఉర్దూ, కువి, సవర భాషల్లో మాట్లాడే స్వేచ్ఛ ఉండాలి. ప్రయాణ ఖర్చు, భోజనం నిర్వాహకులే భరించాలి. బాలికలకు మహిళా ఉపాధ్యాయుల తోడు, సాయంత్రానికి ఇల్లు చేరే వీలు కల్పించాలి. ఒక రోజు వేగావతి గట్టున, షెడ్ల మధ్య. మరో రోజు కొండ గ్రామంలో. ముగింపున ప్రశంసాపత్రాలకు బదులు, పిల్లలు స్వయంగా రాసిన అర్జీ ఒకటి పురపాలక సంఘానికి, మరొకటి గ్రామసభకు చేరాలి. ఆరు నెలల తరువాత వాటికి ఏమి జవాబు వచ్చిందో అడగడానికి వారే తిరిగి కలవాలి.

జమాతు పెద్దలు, ఉపాధ్యాయులు, షెడ్డు యజమానులు తలచుకుంటే ఇది అసాధ్యం కాదు. షెడ్డులో ఉన్న కుర్రవాడిని ఆ రెండు రోజులు కూలి కోయకుండా పంపండి. మొదటి అడుగు అదే.