ఈల వినపడని చెవులు, చెయ్యి తిరిగిన వేళ్లు

పాత డబ్బా టీవీ ఆన్ చేయగానే సన్నగా ఈల వేసేది. తెర మీద సెకనుకు 15,625 గీతలు గీసే లైన్ సెక్షన్ చప్పుడది. ఈల ఉందో లేదో విని కుర్ర మెకానిక్ సగం రోగం చెప్పేసేవాడు. వయసు మీదపడితే చెవికి ముందుగా దూరమయ్యేవి ఇలాంటి సన్నని శబ్దాలే. అరవైకి దగ్గరపడ్డ మెకానిక్‌కు ఇప్పుడది వినపడదు. వినిపించే టీవీలూ లేవనుకోండి!

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1982 ఏషియాడ్‌తో రంగులొచ్చాయి. సినిమా మద్రాసు నుంచి తరలివస్తున్న కాలం కూడా అదే కావడంతో శ్రీనగర్ కాలనీ, ఎల్లారెడ్డిగూడ, కృష్ణానగర్ గల్లీల్లో మెకానిక్‌కు ఇళ్ల టీవీలతోపాటు సినిమా ఆఫీసుల వీసీఆర్‌లూ దొరికాయి. సామాన్లకు కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

బొమ్మంతా మాయమై తెర మధ్యలో ఒకే అడ్డగీత మిగిలిందంటే వర్టికల్ సెక్షన్ పోయినట్టు. కొత్తవాడు వెంటనే ఐసీ మార్చేస్తాడు. పాతవాడు ముందు బోర్డు తిరగేసి భూతద్దం పెడతాడు. పిన్ను చుట్టూ వెంట్రుకంత చీలిక కనిపిస్తే చాలు, చిటికెడు లెడ్‌తో పని అయిపోతుంది.

ఎల్ఈడీ టీవీకీ ఈ బుర్రే కావాలి. మాట వస్తూ బొమ్మ రాకపోతే తెర మీద టార్చి కొట్టి చూడాలి. నీడలా బొమ్మ కదిలితే పోయింది వెనక లైట్లే, ప్యానెల్ కాదు. ఈ తేడా తెలియక పారేసిన టీవీలు ఎన్నో!

మరమ్మతు హక్కు పేరిట కేంద్రం 2022లో పోర్టల్ తెచ్చింది. మంచిదే. కానీ వెబ్‌సైట్ పెట్టినంత మాత్రాన సందు చివరి కొట్టుకు సర్క్యూట్ డయాగ్రమ్ నడిచిరాదు. ఇక మెకానిక్ సంగతికొస్తే, పని ముందే వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకం కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ముప్పై ఐదేళ్లు సాల్డరింగ్ ఐరన్ పట్టినవాడు రేపోమాపో కొట్టు కట్టేసేముందు ఆ కాగితం ఏ గోడకు తగిలించుకోవాలి?

అతన్ని కూర్చోబెట్టాల్సింది పరీక్షకు కాదు, ఐటీఐ పిల్లల ముందు. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్‌లో వారానికి రెండు పూటలు గౌరవ వేతనం మీద పిలవండి. డిగ్రీ అడగకండి. కాలిపోయిన బోర్డులు నాలుగు బల్ల మీద పెట్టి, ఒక భూతద్దం ఇవ్వండి.