ఊరు మారితే స్వింగ్ కూడా మారాలా?

బదిలీల మీద తిరిగే మన పిల్లలకు ఒక సుఖం ఉంది. క్వార్టరు మారుతుంది, స్నేహితులు మారతారు, నీళ్ళు మారతాయి. పాఠ్యపుస్తకం మాత్రం మారదు. జోర్హాట్‌లో ఆపిన పాఠాన్ని జామ్‌నగర్‌లో అందుకోవచ్చు. కానీ గోల్ఫ్‌కు అలాంటి సిలబస్ లేదు. కంటోన్మెంట్లలో, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లలో గోల్ఫ్ మైదానం దగ్గరే ఉంటుంది కాబట్టి మనలో చాలామంది ఆ కర్ర పట్టుకుంటారు. కొత్త ఊళ్ళో కొత్త కోచ్ గారు మొదటి రోజే అడిగే ప్రశ్న ఒకటే: "ఇలా ఎవరు నేర్పారు?"

ఆ ప్రశ్నకు మీరు అంత తొందరగా లొంగిపోకూడదని నా అభిప్రాయం.

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడిని చూస్తున్నాను. మూడు స్టేషన్లు, ముగ్గురు గురువులు. ఒకరు నడుము బాగా వంచి నిలబడమన్నారు. రెండో ఆయన చేతులు తల కంటే పైకి ఎత్తమన్నారు. మూడో ఆయన బరువంతా ఎడమ కాలి మీదే ఉంచమన్నారు. ముగ్గురూ తెలిసినవాళ్ళే, ముగ్గురి మాటా ఎక్కడో ఒకచోట నిజమే. వాడు మాత్రం ఇప్పుడు బంతి ముందు అరనిమిషం శిలలా నిలబడతాడు. ఈ మధ్య ఇక క్రికెట్టే ఆడుకుంటానంటున్నాడు.

ఇందులో చిక్కు ఎక్కడుందో జిమ్ హార్డీ అనే అమెరికన్ శిక్షకుడు 2005లో వచ్చిన తన పుస్తకంలో బాగా విడదీసి చెప్పాడు. ఆయన లెక్కలో మంచి స్వింగులు రెండు రకాలు. మొదటి రకంలో ఆటగాడు ముందుకు బాగా వంగుతాడు, చేతులూ భుజాలూ ఇంచుమించు ఒకే వాలులో శరీరం చుట్టూ తిరుగుతాయి. దెబ్బకు బలం మొండెం తిప్పడంలోంచి వస్తుంది. రెండో రకంలో కాస్త నిటారుగా నిలబడతాడు, భుజాలు అడ్డంగా తిరిగితే చేతులు నిలువుగా పైకి లేస్తాయి. ఇక్కడ రెండింటికీ సమయం కుదరాలి. ఒళ్ళు బాగా తిరిగేవాళ్ళకు మొదటిది, లయ బాగా తెలిసినవాళ్ళకు రెండోది నప్పుతుంది. అసలు మాట ఏమిటంటే, ఒక రకానికి మందులా పనిచేసే సలహా రెండో రకానికి విషమవుతుంది. బరువు ముందు కాలి మీదే ఉంచమనే 'స్టాక్ అండ్ టిల్ట్' పద్ధతి మళ్ళీ వేరే. మూడిళ్ళ పప్పు, పులుసు, పాయసం ఒకే గిన్నెలో పోసినట్టుంది మా అబ్బాయి స్వింగ్.

పుస్తకంలో బొమ్మలా లేనంత మాత్రాన స్వింగ్ చెడ్డదైపోదు. జిమ్ ఫ్యూరిక్ క్లబ్బును నిటారుగా పైకి తీసుకెళ్ళి, గాలిలో ఒక సున్నా చుట్టి కిందికి తెస్తాడు. దాన్ని చూసి నవ్వినవాళ్ళు చాలామంది. చిన్నప్పటి నుంచి అతనికి నేర్పిన తండ్రి ఆ సున్నాను సరిచేయాలని చూడలేదు. ఆ స్వింగుతోనే ఫ్యూరిక్ 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 2016లో ఒక రౌండు 58 దెబ్బల్లో ముగించాడు. పీజీఏ టూర్‌లో అంతకుముందు ఎవరికీ ఆ అంకె రాలేదు.

మన దగ్గరికి వస్తే ఎస్‌ఎస్‌పీ చౌరాసియా. తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక చూసుకునే ఉద్యోగి. చౌరాసియా చూసి చూసి తనంతట తాను నేర్చుకున్నాడు. బంతిని చాలా దూరం కొట్టే రకం కాదు. అందుకని దూరం కోసం ఒళ్ళు విరుచుకోలేదు, గుంత దగ్గర ఆటకు పదును పెట్టాడు. 2016, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. "నీ ఆటకు ఏది నప్పుతుంది" అన్న ప్రశ్నకు అతను చెప్పుకున్న జవాబు అది.

దీక్షా డాగర్‌ను చూడండి. వినికిడి లోపంతో పుట్టిన అమ్మాయి, ఎడమచేతి ఆట. సైన్యంలో అధికారి అయిన తండ్రే ఆమెకు కోచ్. 2019లో, 18 ఏళ్ళకే, దక్షిణాఫ్రికా మహిళల ఓపెన్ గెలిచింది. ఈ పేరు చెప్పడానికి కారణం ఉంది. స్టోరులో కుడిచేతి క్లబ్బులే ఉన్నాయని ఎడమచేతి పిల్లల్ని తిప్పి నిలబెట్టే చోట్లు ఉన్నాయి. ఎడమచేత్తో రాస్తే స్కేలు దెబ్బ వేసిన పాత పంతుళ్ళ పద్ధతికీ దీనికీ తేడా నాకు కనపడదు.

మరి టైగర్ వుడ్స్ స్వింగ్ మార్చుకోలేదా అని మీరు అడుగుతారు. మార్చుకున్నాడు. 1997లో మాస్టర్స్‌ను 12 దెబ్బల తేడాతో గెలిచాక కూడా మార్చుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్క టోర్నమెంటే దక్కింది. 2000లో యూఎస్ ఓపెన్‌ను 15 దెబ్బల తేడాతో గెలిచాడు. కానీ ఆ మార్పు అతను తానే కోరుకున్నది, ఏడాదికి పైగా ఒకే గురువు దగ్గర పట్టుబట్టి చేసింది. ఐర్లండ్ ఆటగాడు పాడ్రిగ్ హారింగ్టన్ 2007, 2008 సంవత్సరాల్లో మూడు మేజర్లు గెలిచి, ఆ తరువాత స్వింగును విప్పి మళ్ళీ కట్టబోయాడు. ఆ నాలుగు పెద్ద పోటీల్లో మరొకటి అతనికి రాలేదు. తండ్రికి పోస్టింగ్ వచ్చిందని స్వింగ్ మార్చుకోవడం ఈ ఇద్దరు చేసినదాంట్లోకీ రాదు.

అలాగని "నా స్వింగ్ నా ఇష్టం" అంటే నేను ఒప్పుకోను. పట్టు, గురి, నిలకడ ఏ పద్ధతిలోనైనా ఉండాల్సినవే. వాటిని దిద్దే గురువుకు దండం పెట్టండి. మిగతా విషయాల్లో న్యాయమూర్తి బంతి. క్లబ్బు దాన్ని తాకి ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు. మీరు చేతులు ఎలా ఎత్తారో దానికి తెలియదు. అది ఏ దిక్కుకు బయలుదేరిందన్నది ఎక్కువగా క్లబ్బు ముఖాన్ని బట్టి ఉంటుంది. గాలిలో ఎటు ఒంపు తిరిగిందన్నది ఆ ముఖానికీ క్లబ్బు వచ్చిన దారికీ మధ్య తేడా. ఒకే ఐరన్‌తో ఇరవై బంతులు కొట్టి ఎక్కడ పడ్డాయో రాసుకోండి. అన్నీ కుడికే ఒంగుతుంటే దిద్దుకోవాల్సింది ఒకటే ఉందన్నమాట. తలా ఒక దిక్కుకు పోతుంటే మీ దగ్గర ఇంకా ఏ పద్ధతీ లేదు. అప్పుడు ఏదో ఒకటి ఎంచుకోండి.

టీసీలో మీ తరగతి, మార్కులు ఉంటాయి గానీ మీ గ్రిప్ ఉండదు. ఊరు వదిలే ముందు పాత కోచ్ గారితో రెండు విషయాలు రాయించుకోండి: మీది ఏ రకం స్వింగ్, ఇప్పుడు ఏ తప్పు దిద్దుతున్నారు. ఎదురు నుంచీ పక్క నుంచీ ఒక్కో వీడియో తీయించుకోండి. కొత్త కోచ్ గారి దగ్గర "నాకు ఇలాగే వచ్చు" అని బిగుసుకోవద్దు. "సర్, ఈ పద్ధతిలోనే నన్ను బాగు చేయగలరా?" అని అడగండి. చాలామంది సంతోషంగా చేస్తారు. కాదంటే ఎందుకో అడగండి. బంతి ఎటు పోతోందో చూపించి చెబితే వినండి, ఫోటోలో బాగుండదని చెబితే ఆలోచించండి.

నాన్నగారి పాత క్లబ్బును సగానికి కోయించి వాడుతున్న చిన్న తరగతుల పిల్లలకు మరో మాట. కోసినా దాని తల బరువు తగ్గదు, ఆ బరువుకే చేతులు పక్కకు వాలిపోతాయి. ఒక్క ఏడాదిలో మూడు నాలుగు అంగుళాలు పొడుగైన పెద్ద పిల్లలకు నిన్న సరిపోయిన క్లబ్బు ఇవాళ పొట్టి. ముందు క్లబ్బు కొలత చూపించుకోండి. స్వింగ్ సంగతి ఆ తరువాత.