కుక్కకి గుండు కొట్టించే బావలకి

మన తెలుగువాళ్ళకి సగం కష్టాలకి గుండే మందు. పేలు పడితే గుండు, సెగగడ్డలు లేస్తే గుండు, జ్వరం తగ్గితే మొక్కు తీర్చడానికి గుండు, ఏ కారణమూ లేకపోతే వేసవి సెలవులివ్వగానే ఇంట్లో మగపిల్లలందరికీ వరసబెట్టి గుండు. దీంతో నాకేం పేచీ లేదు. భద్రాచలం గోదావరి ఒడ్డున చిన్నప్పుడు నాకూ రెండుసార్లు చేశారు, చల్లగానే ఉండింది. నా పేచీ అల్లా ఈ ఆచారాన్ని తీసుకెళ్ళి కుక్కల మీద పెట్టడంతోనే.

మా బావ (అత్తయ్య కొడుకు) హైదరాబాదులో ఫ్లాటులో ఉంటూ ముచ్చటపడి ఒక గోల్డెన్ రిట్రీవర్‌ని కొన్నాడు. అది పెరిగింది, సోఫా నిండా బొచ్చు, లిఫ్టులో పక్కింటివాళ్ళ సణుగుడు, ఇద్దరూ ఆఫీసులకెళ్తే మధ్యాహ్నమంతా ఏడుపు. 2021లో దాన్ని కారెక్కించి బూర్గంపాడులో అత్తయ్య దగ్గర దింపేసి వచ్చాడు. పేరు సింబా. అప్పట్నుంచి ప్రతి ఏడూ ఉగాదికి బావ ఊరెళ్ళడం, కూడా ఒక ట్రిమ్మర్ పట్టుకెళ్ళడం, ఎండలొస్తున్నాయని దాని బొచ్చు చర్మం దాకా గొరిగెయ్యాలనడం, నేను ఫోన్లో అడ్డు పడడం. "నీకేందిరా బామ్మర్దీ, ఏసీలో కూర్చుని చెప్తావ్. నువ్వు కంబళి కప్పుకుని మే నెలలో బూర్గంపాడు సెంటర్లో నిలబడు, తెలుస్తది" అంటాడు. ఈ కంబళి వాదం బావ ఒక్కడిదే కాదు. కుక్కల్ని పెంచే ప్రతి ఊళ్ళోనూ ఇదే వినిపిస్తుంది. వినడానికి తిరుగులేనట్టే ఉంటుంది కాబట్టి దీని సంగతే ముందు చూద్దాం.

మనిషికి ఒళ్ళంతా చెమట గ్రంథులే, ఇరవై నుంచి నలభై లక్షల దాకా. చెమట పడుతుంది, గాలికి ఆరుతుంది, ఆరేటప్పుడు ఒంట్లో వేడి పట్టుకుపోతుంది. నెత్తి మీదా అంతే, అందుకే గుండుకి చల్లగా ఉంటుంది. కుక్కకి ఈ ఏర్పాటు లేదు. వేడి దించే చెమట దానికి అరికాళ్ళ మెత్తల్లోనే పడుతుంది, అదీ నామమాత్రం. అసలు పని చేసేది నాలుక. నోరు తెరిచి గబగబా రొప్పుతుంటే నోట్లో, ముక్కులో, గొంతులో తడి ఆరి రక్తం చల్లబడుతుంది. అంటే వీపు మీద బొచ్చు తీసేస్తే ఆరడానికి అక్కడ చెమటే లేదు. కంప్యూటర్ వేడెక్కితే ఫ్యాన్‌కి పట్టిన దుమ్ము దులుపుతాం గానీ క్యాబినెట్ పీకి ఎండలో పెట్టం కదా!

ఇక కంబళి. కంబళి వేడిని పుట్టించదు, అడ్డుకుంటుంది, అంతే. ఎటు నుంచి ఎటు వెళ్తున్నా అడ్డుకుంటుంది. గొర్లు కాసే కురుమలు ఎండలో కూడా గొంగడి నెత్తిన వేసుకుంటారు, వాళ్ళకి తెలివిలేకా? కుక్క ఒంటి వేడి మామూలుగా 38.5, 39 డిగ్రీలు. బూర్గంపాడులో మే నెల మధ్యాహ్నం 44, 45 అంటే మనకేం వార్త కాదు. బయట 44 ఉండి లోపల 39 ఉంటే వేడి ఎటు నుంచి ఎటు వస్తుంది? బయట నుంచి లోపలికి. పైన ఎండ సూటిగా పడితే సరేసరి. అప్పుడు ఆ బొచ్చు గోడలాంటిది. బావ పని కట్టుకుని ఆ గోడే కూలగొడుతున్నాడు.

ఇక్కడ అవతలి పక్షం వాళ్ళకీ రెండు మాటలు చెప్పాలి. బొచ్చుని ముట్టుకోకూడదు, అది దేవుడిచ్చిన ఏసీ, దానంతటదే చల్లగా ఉంచుతుంది అని ఊదరగొట్టేవాళ్ళు కొందరున్నారు. అది ఏసీ కాదు. రాత్రి పదింటికి బయట 31 డిగ్రీలకి దిగాక అదే బొచ్చు కుక్క ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు. పొద్దున్నే పరిగెత్తించినా అంతే. ఈ గోల్డెన్ రిట్రీవర్లు 1860లలో స్కాట్లండులో ఒక జమీందారు తన ఎస్టేటులో తయారు చేయించిన జాతి. వేటాడిన బాతుల్ని గడ్డకట్టే నీళ్ళలోంచి పట్టుకురావడానికి ఆ కోటు. అది గోదావరి ఒడ్డున రోహిణి కార్తె కోసం కుట్టింది కాదు. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాల్సిన సంగతి ఇది. ఈ వాతావరణానికి తగ్గ డిజైన్ మన ఊరకుక్కది. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్ళు, మధ్యాహ్నమైతే కాలవ గట్టున బురద తవ్వుకుని పడుకునే తెలివి. కిన్నెరసాని పక్క పల్లెల్లో ఎండాకాలం చూడండి, పన్నెండు దాటితే ఒక్క ఊరకుక్కా రోడ్డు మీద కనపడదు.

కానీ కొనేశాం. కొన్నాక ఏం చెయ్యాలి అన్నదే కదా ప్రశ్న.

ఈ రకం కుక్కలకి రెండు పొరలుంటాయి. పైన గరుకుగా, పొడుగ్గా ఉండే వెంట్రుకలు, ఎండా వానా ఆపేవి అవే. కింద దూదిలాంటి మెత్తటి బొచ్చు. వేసవి ముందు ఆ దూది దానంతటదే ఊడుతుంది. ఊడింది బయటికి రావాలి, రాకపోతే లోపలే ఇరుక్కుని ఉండలు కట్టి అట్టలా తయారవుతుంది. గాలి ఆడదు, తడి ఆరదు. అప్పుడది నిజంగానే కంబళి, అదీ తడి కంబళి. కనక చెయ్యాల్సింది ఆ దూదిని దువ్వి బయటికి తీయడం. అండర్‌కోట్ రేక్ అని ఇనప పళ్ళ దువ్వెన ఒకటి దొరుకుతుంది. మార్చి, ఏప్రిల్లో వారానికి మూడుసార్లు, సారికి ఇరవై నిమిషాలు. ప్రతిసారీ ఒక పిల్లి అంత దూది పోగవుతుంది. పై వెంట్రుకలు అలాగే ఉంటాయి, కింద గాలి ఆడుతుంది. పొట్ట కింద, తొడల లోపల, పాదాల మెత్తల మధ్య, తోక కింద కత్తిరించుకోండి, ఎవరొద్దన్నారు? ఎటూ అక్కడ ఎండ పడదు, పొట్ట చల్లటి నేలకి ఆనుతుంది. తోకకీ కాళ్ళకీ వేలాడే కుచ్చులు కాస్త పొట్టి చేసినా నష్టం లేదు. నేను వద్దంటున్నది వీపు మీద మిషను పెట్టి నున్నగా చెయ్యడాన్ని.

2023లో నేను ప్రాజెక్టు గొడవలో ఉండగా బావ ఆ పని కానిచ్చాడు. సాయంత్రం వీడియో పంపాడు, "చూడరా ఎంత హుషారుగా గెంతుతోందో" అని. గెంతదా మరి! ఆర్నెల్లుగా చర్మాన్ని గుంజుతున్న ఉండలన్నీ ఒక్కసారి పోయాయి. దువ్వినా అలాగే గెంతేది. బావ సోమవారం హైదరాబాదు వెళ్ళిపోయాడు, కుక్క ఎండలో మిగిలింది. కుక్క చర్మం పై పొర మనదానికంటే పలచన, పైగా ఎప్పుడూ ఎండ చూడనిది. మే వచ్చేసరికి వీపంతా ఎర్రగా కమిలి పొట్టు లేచింది. అత్తయ్య కొబ్బరినూనె రాస్తే ఆ నూనెకి దుమ్ము అంటి, దురదకి అది గోక్కుని, రెండు చోట్ల పుండ్లయ్యాయి. పశువుల డాక్టరు గారి చేత ఇంజెక్షన్లు చేయించాల్సొచ్చింది. తర్వాత బొచ్చు వచ్చిందా అంటే, దూది ముందొచ్చింది, పై వెంట్రుకలు రాలేదు. దసరాకి నేనెళ్ళి చూస్తే నడుం దగ్గర పలకంత మేర ఇంకా బోసిగానే ఉంది.

ఇది సింబాకి పట్టిన దురదృష్టమేం కాదు. మన జుట్టు పెరుగుతూనే ఉంటుంది. ఈ రకం కుక్కల వెంట్రుకలు ఒక పొడవుకొచ్చి ఆగిపోయి, చాలాకాలం విశ్రాంతిలో ఉంటాయి. గొరిగినంత మాత్రాన వెంటనే మేల్కోవు. కొన్నిటికి ఏడాది దాకా పడుతుంది, కొన్నిటికి మునుపటిలా రానే రావు. బొచ్చు కుక్కల్లో, ముఖ్యంగా మనవాళ్ళంతా పామరేనియన్ అని పిలుచుకునే స్పిట్జ్ జాతుల్లో, ఇది పశువైద్యులందరికీ తెలిసిన సమస్యే. 1994లో "హమ్ ఆప్కే హై కౌన్" సినిమా వచ్చి, మనకది "ప్రేమాలయం" పేరుతో డబ్బింగై, అందులో టఫీని చూసి ఇంటికో తెల్ల కుక్క తెచ్చుకున్న రోజుల్లో కూడా ప్రతి వీధిలో నడుం దాకా గొరిగి, మెడ దగ్గర మాత్రం సింహంలా వదిలేసిన ఒక స్పిట్జ్ కనపడేది. పిల్లలు నవ్వేవాళ్ళు, అది మంచం కింద దూరేది.

"మరి షీట్‌జూకి గొరగమంటారుగా, దీనికెందుకు వద్దు?" అంటాడు బావ. మంచి ప్రశ్నే. షీట్‌జూ, లాసా ఆప్సో, పూడుల్, వీటి వెంట్రుకలు దాదాపు మన జుట్టులాగే ఆగకుండా పెరుగుతాయి, మళ్ళీ వస్తాయి. వాటిని నేలమీద ఈడ్చేంత బొచ్చుతో బూర్గంపాడులో తిప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే నా ఓటు కత్తెరకే. ఒక అంగుళం ఉంచి కత్తిరించండి, కళ్ళ మీద పడకుండా చూడండి. హస్కీ, జర్మన్ షెపర్డ్, స్పిట్జ్, రిట్రీవర్ వేరు. బార్బర్ దగ్గరికెళ్ళే ముందు మన ఇంట్లో ఉన్నది ఏ రకమో తెలుసుకోవడం పెద్ద విద్య కాదు.

బావ వాదాల్లో బలమైంది ఒకటే ఉంది, పిడుదులు. అడవి అంచు ఊరు, మేకలూ గొడ్లూ తిరిగే దారులు, పిడుదులకి కొదవలేదు. వాటివల్ల వచ్చే ఎర్లీకియా, బేబీసియా జ్వరాలు కుక్కల్ని నిజంగానే చంపుతాయి. బొచ్చు తీసేస్తే పిడుదులు కనపడతాయి కదా అంటాడు. కనపడతాయి, నిజమే. కానీ గుండు కుక్కని పిడుదు కుట్టదని ఎవరు చెప్పారు? దానికి ఇంకా సుళువు. పైగా అవి ఎక్కువ దాక్కునేది చెవుల్లో, కాలి వేళ్ళ సందుల్లో, అక్కడికి బావ మిషను ఎలాగూ వెళ్ళదు. చేత్తో తడిమి, దువ్వి, ఏరాలి. నెలకోసారి మింగించే బిళ్ళలున్నాయి, మూడు నెలలు పనిచేసేవీ ఉన్నాయి, డాక్టరుగారు బరువు చూసి ఇస్తారు. ఖరీదే, కాదనను. బావ హైదరాబాదు నుంచి ఒకసారి వచ్చి వెళ్ళే పెట్రోలు కన్నా తక్కువే. ఒకటి మాత్రం చెయ్యొద్దు, గేదెలకి కొట్టే పిడుదుల మందు మిగిలింది కదాని కొలతా పాడూ లేకుండా కుక్కకి పులమడం. అందులోనూ అప్పుడే గొరిగి గాట్లు పడ్డ చర్మం మీద.

వానాకాలం ఇంకో తలనొప్పి. ఉత్తరేణి గింజలు, మరులమాతంగి కాయలు, పల్లేర్లు, పొలం గట్టుకి ఒకసారి వెళ్ళొస్తే చాలు, తోకనిండా అవే. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకొచ్చి బూర్గంపాడు వైపు ఊళ్ళలోకి నీళ్ళొచ్చినప్పుడు వారం రోజులు ఆ కుక్క ఒళ్ళు ఆరలేదు. చెవుల వెనక చీము పట్టి, ఒక అట్టకట్టిన ముక్కని కత్తిరించి తీయాల్సొచ్చింది. అది నేనే దగ్గరుండి తీయించాను. చర్మం దాకా ఉండ కట్టినా, కింద పుండున్నా, ఆపరేషన్ చెయ్యాలన్నా గొరగాల్సిందే. వైద్యం వేరు, ఉగాది గుండు వేరు.

అసలు నాకు కోపం బొచ్చు గురించి కాదు. సింబాని మధ్యాహ్నం కట్టేసేది రేకుల షెడ్డులో. గొలుసు ఆరడుగులు, నీడ పన్నెండింటికి జరిగిపోతుంది, నీళ్ళ గిన్నె స్టీలుది, ఒంటిగంటకి అందులో టీ పెట్టుకోవచ్చు. రాత్రి డాబా మీద, పగలంతా కాలిన స్లాబు మీద పడక. ఇవేవీ మార్చకుండా ఏడాదికోసారి అరగంట మిషను తిప్పేసి "కుక్కకి చల్లగా చేశాను" అనుకోవడం బావకి చాలా సులువు. దువ్వెన అయితే వారానికి మూడుసార్లు ఎవరో ఒకరు కూర్చోవాలి. అత్తయ్యకి అరవై నాలుగేళ్ళు, మోకాళ్ళు వంగవు. ఆ పని పక్కింటి ఇంటర్ కుర్రాడికి నెలకింత అని ఇచ్చి చేయించరా బాబూ అంటే, "కుక్క దువ్వడానికి జీతమా" అని నవ్వుతాడు. ట్రిమ్మర్ మాత్రం మూడు వేలు పోసి కొన్నాడు.

ఈ ఏడు నేను అడిగినవి నాలుగే. వేపచెట్టు కింద తాటాకు పందిరి. నీళ్ళకి మట్టి తొట్టి, రెండుపూటలా మార్చాలి. పదకొండు నుంచి ఐదు దాకా గొలుసు విప్పి వంటింటి గచ్చు మీద పడుకోనివ్వడం, అత్తయ్య మడి సంగతి నేను మాట్లాడతాను. పొట్ట కింద తడి గోనెపట్టా. కుక్క కళ్ళు తేలేసి, చొంగ కారుస్తూ తూలుతుంటే అది వడదెబ్బ, బొచ్చు పొడుగ్గా ఉన్నా పొట్టిగా ఉన్నా వస్తుంది. వెంటనే ఒంటి మీద మామూలు నీళ్ళు పోసి, ఫ్యాను పెట్టి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ ముక్క అత్తయ్య ఫ్రిజ్ మీద తెలుగులో రాసి అంటించి వచ్చాను. పందిరికి ఆకు తెప్పిస్తానని బావ ఒప్పుకున్నాడు. ట్రిమ్మర్ విషయం మాత్రం "చూద్దాంలే" అన్నాడు.